శ్లాబు ఎక్కడ ఆపాలి?

1903లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో పదహారు అంతస్తుల కాంక్రీటు భవనం ఒకటి పూర్తయింది. పేరు ఇంగాల్స్ బిల్డింగు, ఎత్తు 210 అడుగులు. కాంక్రీటుతో అంత ఎత్తు కట్టవచ్చంటే అప్పట్లో నమ్మినవాళ్లు తక్కువ. నగర అధికారులను ఒప్పించి అనుమతి తెచ్చుకోవడానికే యజమాని మెల్విల్ ఇంగాల్స్‌కు రెండేళ్లు పట్టింది. ఆధారపు కర్రలు తీసేసిన రాత్రి భవనం ఎలాగూ కూలుతుంది, ఆ వార్త ముందుగా తన పత్రికలోనే రావాలి అనుకుని ఒక విలేకరి తెల్లవార్లూ ఎదురుగా కాపు కాశాడని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. పాపం, ఆయనకు వార్త దొరకలేదు. భవనం నిలబడింది.

ఈ భవనం మాట వచ్చినప్పుడల్లా ఎత్తు గురించే చెబుతారు. కాస్త లెక్క వేస్తే మరో సంగతి బయటపడుతుంది. భవనం పొడవు 100 అడుగులు, వెడల్పు 50 అడుగులు, అంటే అంతస్తుకు 5,000 చదరపు అడుగులు. కట్టినవాళ్లు పది గంటల షిఫ్టులో కలపగలిగిన కాంక్రీటు 100 ఘనపు గజాలు, అంటే 2,700 ఘనపుటడుగులు. శ్లాబు మందం ఆరంగుళాలే అనుకున్నా, శ్లాబు ఒక్కదానికే 2,500 ఘనపుటడుగులు కావాలి. దూలాలు, స్తంభాలు, ఎనిమిదంగుళాల గోడలు అదనం. కాబట్టి ఒక అంతస్తు ఒక షిఫ్టులో ముగిసే అవకాశమే లేదు. సాయంత్రం ఎక్కడో ఒకచోట ఆపాలి. మర్నాడు పొద్దున, గట్టిపడిన అంచుకు ఆనించి మళ్లీ మొదలుపెట్టాలి. పదహారు అంతస్తుల్లోనూ ఇదే తంతు.

మరి ఎక్కడ ఆపాలి? కాంక్రీటు చరిత్రల్లో ఈ ప్రశ్నకు పెద్దగా చోటు దొరకలేదు. దూలం లోతు ఎంత, ఇనుము ఎంత అన్నవి చల్లగా గదిలో కూర్చుని తేల్చుకోగల లెక్కలు. పోత ఎక్కడ ఆగుతుందన్నది మాత్రం కూలీల అలసట, వాన, మిక్సరు మొరాయింపు, పొద్దు వాలడం కలిసి తేలుస్తాయి. ఇంజనీరు గీసిన బొమ్మకూ పనివాళ్ల గడియారానికీ ముఖాముఖి పేచీ వచ్చే చోటు ఇదే.

కాంక్రీటులో ఇనుము పెట్టడం ఇంగాల్స్ భవనానికి ముందే మొదలైంది. జోసెఫ్ మొనియే అనే ఫ్రెంచి తోటమాలి 1867లోనే మొక్కల తొట్ల కోసం పేటెంటు తీసుకున్నాడు. అయితే స్తంభం, దూలం, శ్లాబు మూడూ కలిసి ఒక్కటిగా పనిచేస్తాయని యూరపును నమ్మించి, దాన్ని పెద్ద వ్యాపారంగా మార్చినవాడు ఫ్రాన్స్వా ఎన్నెబిక్. 1892లో ఆయన తన పద్ధతికి పేటెంటు పొందాడు. దేశదేశాల్లో ఏజెంట్లను పెట్టాడు. 1898 నుంచి సొంతంగా ఒక పత్రికే నడిపాడు. నిప్పుకు లొంగని కట్టడం, అతుకుల్లేని ఏకశిల అన్నది ఆయన ప్రచారంలోని సారం.

పని జరిగే చోట ఏకశిల అన్నది చాలావరకు మాటవరసే. ఆ రోజుల కాంక్రీటు ఇప్పటిలా జారుడుగా ఉండేది కాదు. నీళ్లు తక్కువ పోసి పొడిపొడిగా కలిపి, పలచటి పొరలుగా పరిచి, దిమ్మిసలతో కొట్టి గట్టిచేసేవారు. ఒక పొర మీద మరో పొర వేయడం ఆలస్యమైతే అక్కడ అతుకు పడినట్టే. కింది దూలం ఇవాళ, పై శ్లాబు రేపు పోస్తే రెండింటి మధ్యా మరో అతుకు. ఎన్నెబిక్ తన దూలాల్లో నిలువుగా దించిన ఇనుప పట్టీలు ఆ రెండు భాగాలనూ కలిపి కుట్టాయి కాబట్టి చాలా కట్టడాలు గట్టెక్కాయి.

అన్నీ గట్టెక్కలేదు. 1901 ఆగస్టులో స్విట్జర్లాండులోని బాజిల్‌లో, ఎన్నెబిక్ పద్ధతిలో కడుతున్న హోటల్ భవనం ఒకటి నిర్మాణంలో ఉండగానే కుప్పకూలి మనుషులు చనిపోయారు. విచారణలో నాసిరకం సరుకు, అజాగ్రత్తగా చేసిన పని, పర్యవేక్షణ లోపం బయటపడ్డాయి. అంతవరకు కాంక్రీటు పద్ధతులు కంపెనీల సొంత రహస్యాలు. ఆ దుర్ఘటన తరవాత ప్రభుత్వాలూ సంఘాలూ రంగంలోకి దిగాయి. 1903లో స్విట్జర్లాండు తాత్కాలిక నియమాలు తెచ్చింది, 1904లో ప్రష్యా, 1906లో ఫ్రాన్సు తమ నియమాలు ప్రకటించాయి.

అమెరికాలో 1904లో సివిల్ ఇంజనీర్లు, పరీక్షా ప్రమాణాల సంఘం, రైల్వే ఇంజనీర్లు, సిమెంటు తయారీదారులు కలిసి ఒక ఉమ్మడి కమిటీ వేసుకున్నారు. ఆ కమిటీ 1909లో తొలి నివేదిక, 1916లో తుది నివేదిక ఇచ్చింది. శ్లాబు ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు అందులో ఉంది. కట్టడమంతా ఒకే విడతలో పోయగలిగితే మంచిదే, పెద్ద పనుల్లో అది కుదరదు, అందుకని బలం అతి తక్కువ దెబ్బతినే చోటు చూసి ఆపాలి అన్నది మూలసూత్రం. ఆ సూత్రం ప్రకారం స్తంభాన్ని దూలం అడుగు మట్టానికి ఆపాలి. దూలాన్ని రెండు ఆధారాలకు నడుమ ఆపాలి. శ్లాబును కూడా ఆధారానికీ ఆధారానికీ నట్టనడుమో, ఆ దగ్గరలోనో ఆపాలి. అతుకు మొహం శ్లాబు పైతలానికి నిటారుగా ఉండాలి, వాలుగా ఉండకూడదు.

నట్టనడుమ ఆపమనడం వినగానే మామూలు మనిషికి గుండె గుభేలుమంటుంది. కింద ఆధారం ఉన్న చోట, గోడ మీదో దూలం మీదో అతుకు పెడితే క్షేమం కదా అనిపిస్తుంది. గాలిలో వేలాడే చోట అతుకేమిటి? ఈ అనుమానం ఇవాళ్టి మేస్త్రీల్లో కూడా ఉంది. దీనికి జవాబు తెలుసుకోవాలంటే బరువు ఎటు నడుస్తుందో చూడాలి.

రెండు గోడల మధ్య పరిచిన శ్లాబును తీసుకుందాం. దాని మీది బరువంతా చివరికి గోడలకే చేరాలి. నడిమధ్య నుంచి ఎడమవైపున్న బరువు ఎడమ గోడకు, కుడివైపుది కుడి గోడకు బయలుదేరుతుంది. దారిలో ప్రతి అడుగూ తన వంతు బరువు కలుపుతూ పోతుంది కనుక గోడ దగ్గరికి వచ్చేసరికి భారం పేరుకుపోతుంది. అక్కడ శ్లాబులోని ఒక ముక్క పక్క ముక్కను ఒరుసుకుంటూ కిందికి జారాలని చూస్తుంది. ఈ బలాన్ని ఇంజనీర్లు షియర్ అంటారు. సమంగా బరువు పడే శ్లాబులో షియర్ గోడ దగ్గర అన్నిటికంటె ఎక్కువ, నట్టనడుమ సున్న.

వంపు సంగతి వేరు. గోడ నుంచి గోడకు ఒంటిగా ఆనే శ్లాబు అన్నిచోట్ల కంటె ఎక్కువగా వంగేది నడిమధ్యనే. అయినా అక్కడ అతుకుకు వచ్చే చేటు తక్కువ. వంగినప్పుడు పై భాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. సాగే భాగంలో కాంక్రీటు బలాన్ని ఇంజనీరు లెక్కలోకే తీసుకోడు. అక్కడ పనిచేసేది ఇనుము, ఆ ఇనుము అతుకును దాటి తెగకుండా అవతలికి వెళ్తుంది. నొక్కుకునే పై భాగంలో పాత కాంక్రీటు, కొత్త కాంక్రీటు ఒకదాన్నొకటి మరింత బిగించుకుంటాయి. అతుకు భయపడాల్సింది జారుడుకు, వంపుకు కాదు. స్విస్ ఇంజనీరు విల్హెల్మ్ రిట్టర్ 1899లో కాంక్రీటు దూలాన్ని ఏటవాలు నొక్కుడు కర్రలు, నిలువు ఇనుప కట్లు ఉన్న చట్రంగా ఊహించి లెక్క కట్టడం, 1902 నుంచి ఎమిల్ మోర్ష్ తన పుస్తకం ద్వారా ఆ ఊహను ప్రచారంలోకి తేవడం వల్ల షియర్ దారి ఇంజనీర్లకు కళ్లకు కట్టింది. ఆ జ్ఞానం ఆధారం చేసుకునే నియమాలు తయారయ్యాయి.

కమిటీ చెప్పిన వాటిలో మరో రెండు నియమాలు శ్రద్ధగా చదవదగ్గవి. ఒకటి రెండు గంటల నియమం. స్తంభం పోసిన వెంటనే దాని మీద దూలం పోయకూడదు, కనీసం రెండు గంటలు ఆగాలి. అచ్చులో నింపిన పచ్చి కాంక్రీటులో బరువైన కంకర, ఇసుక కిందికి దిగుతాయి, నీరు పైకి తేలుతుంది. నిలువెత్తు స్తంభంలో ఈ దిగుడు కంటికి కనిపించేంత ఉంటుంది. ఆగకుండా దూలం, శ్లాబు కూడా పోసేస్తే స్తంభం కిందికి దిగుతుంది, అచ్చు మీద ఆనిన శ్లాబు దిగదు, రెండూ కలిసే మెడ దగ్గర చీలిక పడుతుంది. ఏకబిగిన పోయడమే గొప్ప అనుకునేవాళ్లకు ఇది చురక. కావాలని ఆగడమే మంచిదైన సందర్భం ఒకటి ఉందని కమిటీ నూరేళ్ల కిందటే రాసిపెట్టింది.

రెండోది దూలం వెడల్పు నియమం. పెద్ద దూలం నడిమధ్యకు చిన్న దూలం వచ్చి కలిస్తే ఏం చేయాలి? చిన్న దూలం తన బరువంతా తెచ్చి సరిగ్గా అక్కడే దించుతుంది. కనుక అతుకును ఆ చోటు నుంచి, చిన్న దూలం వెడల్పుకు రెండింతల దూరం పక్కకు జరపాలి. జరిపినంత మాత్రాన షియర్ సున్న కాదు. అందుకే తరవాతి అమెరికన్ నియమావళులు అక్కడ ఏటవాలు ఇనుము కూడా వేయమన్నాయి. రెండింతల దూరం లెక్క అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ నియమావళిలో దశాబ్దాలపాటు అలాగే కొనసాగింది. 'నడిమధ్య' అన్నది మాత్రం కాలక్రమంలో 'నడుమనున్న మూడోవంతు' అయింది. ఆధారానికీ ఆధారానికీ మధ్య దూరాన్ని మూడు భాగాలు చేస్తే మధ్య భాగంలో ఎక్కడైనా ఆపవచ్చు. పని చేసేవాళ్లకు ఆ మాత్రం వెసులుబాటు అవసరమని నియమం రాసినవాళ్లకు అర్థమైందన్నమాట.

కాగితం మీద నిటారు అతుకు గీయడం తేలిక. పనిలో దానికి అడ్డుపలక కావాలి. శ్లాబు ఇనుము ఆ పలకను దాటి అవతలికి వెళ్లాలి కనుక పలకకు ఊచ ఊచకూ గంట్లు కొట్టాలి. సాయంత్రం అయిదింటికి, ఒళ్లు హూనమైన వేళ, ఆ పని ఎవరూ చేయరు. కాంక్రీటును ఎక్కడికక్కడ వాలుగా జారవిడిచి చేతులు కడుక్కుంటారు. ఆ వాలు చివర కత్తి అంచులా పలచబడుతుంది, అక్కడ కంకర ఉండదు, ఉన్న తడి తొందరగా ఆరిపోతుంది. మర్నాడు దాని మీద పోసిన కొత్త కాంక్రీటు ఒక పలచటి, బలంలేని పెంకు మీద కూర్చుంటుంది. వానాకాలంలో నీరు వెతుక్కుంటూ వచ్చేది ఆ పెంకు కిందికే. కమిటీ వాలు వద్దన్నది ఊరికే కాదు.

మళ్లీ మొదలుపెట్టే ముందు ఏం చేయాలన్నదీ 1916 నివేదికలో ఉంది. పాత మొహాన్ని గరుకు చేయాలి. మీద తేలి గట్టిపడిన సిమెంటు పాల పొర గీకేయాలి. బాగా తడపాలి. ఒక పాలు సిమెంటుకు రెండు పాళ్లకు మించకుండా ఇసుక కలిపిన గచ్చు పూసి, దాని మీద కొత్తది పోయాలి. తరవాతి వందేళ్ల నియమాలన్నీ ఈ నాలుగు పనుల చుట్టూనే తిరిగాయి.

ఈలోగా శ్లాబే మారిపోయింది. 1906లో మినియాపోలిస్‌లో సి.ఎ.పి. టర్నర్ దూలాలు లేకుండా, స్తంభాల నెత్తిన గొడుగులా విప్పారిన తలలతో నేరుగా శ్లాబును మోసే భవనం కట్టాడు. 1910లో జూరిక్‌లో రాబర్ట్ మయ్యార్ తన సొంత పద్ధతిలో అలాంటిదే ఒక గిడ్డంగి కట్టాడు. దూలాలు లేనప్పుడు బరువంతా స్తంభం చుట్టూ చిన్న వలయంలోకి వచ్చి పడుతుంది, స్తంభం శ్లాబును పొడుచుకుని పైకి వచ్చే ప్రమాదం ఉంటుంది. కాబట్టి అతుకు స్తంభాల వరసకు దూరంగా, నాలుగు స్తంభాల నడుమ ఉన్న గడి మధ్యకు పోవాలి. సూత్రం పాతదే, దాన్ని తప్పితే పడే శిక్ష మరింత పెద్దది.

ఇంకోవైపు, ఆగకుండా పోయడానికి కావలసిన యంత్రాలు ఒక్కొక్కటే వచ్చాయి. దారిలోనే కాంక్రీటు కలుపుతూ వెళ్లే లారీకి స్టీఫెన్ స్టెపానియన్ 1916లో పేటెంటు అడిగాడు, అది దక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. 1927లో జర్మనీలో మాక్స్ గీజె, ఫ్రిట్స్ హెల్ కాంక్రీటును గొట్టంలో నెట్టే పంపు పనిచేయించారు. దిమ్మిసల చోట 1930ల్లో వైబ్రేటర్లు వచ్చాయి. దాంతో ఒక రోజులో పోయగలిగిన విస్తీర్ణం పెరిగింది, అతుకుల సంఖ్య తగ్గింది. కొత్త రకం అతుకు ఒకటి మాత్రం పుట్టింది. లారీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే, పంపు గొట్టం పూడుకుపోతే, ఎవరూ అనుకోని చోట కాంక్రీటు గట్టిపడిపోతుంది. దీన్నే కోల్డ్ జాయింటు అంటారు. బొమ్మ మీద లేని అతుకు, పలక పెట్టని అతుకు, శుభ్రం చేయని అతుకు. సిమెంటు మొదటి బిగింపుకు కనీసం 30 నిమిషాలు పట్టాలని ప్రమాణం ఉన్నా, మండే ఎండలో, వేడెక్కిన ఇనుము మీద ఆ గడువును నమ్ముకుని కూర్చోలేం.

అతుకు నిజంగా ఎంత బలహీనం? 1960ల దాకా దీనికి అనుభవమే జవాబు, అంకె లేదు. అంకె వచ్చింది విడి భాగాలుగా పోతపోసి తెచ్చి అతికించే కట్టడాల నుంచి. అక్కడ అతుకులు తప్పించుకోలేరు కనుక వాటి బలం తేల్చక తప్పలేదు. 1966లో ఫిలిప్ బర్కలాండ్, హాల్వార్డ్ బర్కలాండ్ ప్రచురించిన వ్యాసంలో చెప్పిన ఊహ చాలా సరళం. అతుకు గరుకుగా ఉంటే, రెండు ముక్కలు జారాలన్నప్పుడు గరుకు మీద ఎక్కి కాస్త ఎడం కావాల్సి వస్తుంది. ఎడమైతే అడ్డంగా ఉన్న ఇనుము సాగుతుంది, సాగి మళ్లీ రెండింటినీ దగ్గరికి లాగుతుంది. ఆ లాగుడు వల్ల పుట్టిన ఒరిపిడే జారుడును ఆపుతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మాటక్ బృందం చేసిన ప్రయోగాలు దీన్ని బలపరిచాయి. 1971 నాటి అమెరికన్ నియమావళిలో ఈ పద్ధతి చేరింది. ఆ నియమావళి లెక్కలో ఒకేసారి పోసిన కాంక్రీటు ఒరిపిడి గుణకం 1.4. పావు అంగుళం లోతున గరుకు చేసిన అతుకుది 1.0. గరుకు చేయకుండా వదిలేసిన అతుకుకు తరవాతి కూర్పులు ఇచ్చిన గుణకం 0.6. అంటే వైరు బ్రష్షు పట్టుకుని అరగంట కష్టపడే కూలీ చేతిలో ఆ అతుకు బలంలో పెద్ద వాటా ఉంది. మేస్త్రీలు ఎప్పటి నుంచో చెబుతున్న మాటకు ఇంజనీర్లు అంకె కట్టడానికి అరవై ఏళ్లు పట్టిందనుకోవచ్చు.

అతుకు మరో పని కూడా చేస్తుంది, శ్లాబును వయసుల వారీగా విడదీస్తుంది. అతుకుకు ఇటు వారం వయసు కాంక్రీటు, అటు మూడు రోజుల కాంక్రీటు ఉండవచ్చు. ఆధారాలు తీసేటప్పుడు లెక్కలోకి రావాల్సింది చిన్నదాని వయసు. 1973 మార్చి 2న వర్జీనియాలోని స్కైలైన్ ప్లాజాలో 24వ అంతస్తు పోస్తుండగా, కింది అంతస్తు అడుగున ఆధారాలు ముందే తీసేశారు. ఇంకా బలం పుంజుకోని శ్లాబును స్తంభాలు పొడుచుకున్నాయి. అక్కడ మొదలైన కూలుడు నేల దాకా వెళ్లింది, 14 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి కారణం అతుకు కాదు, తొందర. అయితే ఏ ముక్క ఏ రోజు పోశారో రాసిపెట్టుకోవడం ఎందుకు అవసరమో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

తెలుగు నేల మీద ఈ కథ మరోలా నడిచింది. శ్లాబు రాకముందు మన పైకప్పులకు ఈ సమస్యే లేదు. రాయలసీమ, తెలంగాణ మట్టి మిద్దెలు దూలం, వాసం, కట్టె, మట్టి పొరలుగా లేచేవి. కోస్తాలో కలవారి ఇళ్లకు మద్రాసు టెర్రేసు ఉండేది. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలబెట్టి సున్నంతో అతికి, పైన ఇటుక ముక్కలూ సున్నమూ పరిచి రోజుల తరబడి కొట్టేవారు. పెంకుటిల్లు సరేసరి. ఏ సాయంత్రం ఎక్కడ ఆపినా మర్నాడు అక్కణ్ణుంచే మొదలుపెట్టవచ్చు. పొద్దుగూకేలోగా ముగించి తీరాలన్న కప్పు మనకు సిమెంటుతోనే వచ్చింది.

సిమెంటు నిజాం రాజ్యంలో 1920ల్లోనే దొరికింది, అప్పట్లో ఆ రాజ్యంలో ఉన్న షాహాబాదులో కర్మాగారం వెలిసింది. ఊళ్లలో మామూలు ఇళ్లకు శ్లాబు పాకింది మాత్రం చాలా ఆలస్యంగా. స్వాతంత్ర్యం తరవాత చాలా ఏళ్లు సిమెంటు ప్రభుత్వ నియంత్రణలో ఉంది, పర్మిటు ఉంటేనే సంచులు. 1982లో ఆ పట్టు కొంత సడలింది, 1989లో పూర్తిగా పోయింది. పర్మిట్ల కాలంలో సంచులు ఒక్కొక్కటే కూడబెట్టి, గడ్డకట్టకుండా కాపాడి, అన్నీ చేతికందాక ఒక ముహూర్తం పెట్టుకుని శ్లాబు వేసేవారు. మిక్సరు అద్దెకు వచ్చేది రోజు లెక్కన, ముఠా ఒప్పందం శ్లాబు మొత్తానికి. ఆనకట్టల పనుల్లో దేశమంతా పేరు మోసిన పాలమూరు కూలీల్లాంటి ముఠాలు తెల్లవారుజామున దిగి, తట్టలు చేతులు మార్చుకుంటూ చీకటి పడ్డాక కూడా పోసేవి. కొబ్బరికాయ, మిఠాయి, మధ్యాహ్నం భోజనాలు, చివర్లో కూలీలకు ఇనాము. శ్లాబు రోజు ఇంట్లో పండగంత హడావిడి కావడానికి వెనక ఈ లెక్కలన్నీ ఉన్నాయి.

ఆ పండగతో పాటే ఒక నమ్మకమూ స్థిరపడింది. శ్లాబు ఒక్క రోజులో అయిపోవాలి, ఆపితే అపశకునం, ఆపితే కారుతుంది. ఆగకుండా పోయడం మన దగ్గర గర్వకారణం కూడా. 2019 జనవరిలో పోలవరం స్పిల్‌వే చానల్ దగ్గర 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. అయితే అది నేల మీది పని, షిఫ్టులు మారే సిబ్బంది, వరసగా నడిచే ప్లాంట్లు ఉన్న చోటు. మూడో అంతస్తు మీద ఒకే ముఠాతో పద్నాలుగు గంటలు నడిపే శ్లాబు వేరు. రాత్రి తొమ్మిదింటికి పోసే ఆఖరి గదిలో ఏం జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. చేతులు తొందరగా కదలడానికి నీళ్లు ఎక్కువ పోస్తారు, వైబ్రేటరు పెట్టాల్సిన చోట పెట్టరు, దీపం వెలుగులో ఇనుము కిందికి దిగిపోయిందో లేదో ఎవరూ వంగి చూడరు. ఆ గదికి అతుకు లేదు, బలమూ లేదు. సరైన చోట పలక పెట్టి, ఆరింటికే ఆపి, మర్నాడు శుభ్రం చేసి కొనసాగించిన శ్లాబు దానికంటె మేలు. అతుకు భయంతో అలసిన కాంక్రీటు పోయడం చిన్న దోషానికి జడిసి పెద్ద దోషాన్ని ఇంట్లోకి పిలుచుకోవడమే.

భయపడాల్సిన అతుకులు వేరే ఉన్నాయి. గోడ దాటి బయటికి వేలాడే బాల్కనీ, సన్‌షేడుల మొదట్లో అతుకు పెట్టకూడదు. అక్కడ షియర్, వంపు రెండూ ఒకేచోట గరిష్ఠం, పైగా ఇనుము పై భాగాన ఉంటుంది. అతుకు పైవైపు విచ్చుకుంటే నీరు దిగేది నేరుగా ఆ ఇనుము మీదికే. స్నానాల గది, డాబా మీద నీళ్లట్యాంకు వచ్చే చోటు కూడా వదిలేయాలి. మన ఇళ్లలో కారే కప్పుల్ని పరిశీలిస్తే అతుకు ఉన్నందుకు కారేవాటి కంటె, అతుకును ఎక్కడపడితే అక్కడ, ఎలాపడితే అలా వదిలేసినందుకు కారేవే ఎక్కువ కనిపిస్తాయి.

భారత ప్రమాణం ఐఎస్ 456 మొదట 1953లో వచ్చింది. 1957, 1964, 1978, 2000లలో దాన్ని సవరించారు. 1978 కూర్పు నిలువు అతుకుకు ఆరకముందే సిమెంటు పాలు పూయమంది, అడ్డ అతుకుకు 10 నుంచి 15 మిల్లీమీటర్ల గచ్చు పరవమంది. 2000 కూర్పు దృష్టి శుభ్రం మీదికి మళ్లింది. బిగుసుకోవడం మొదలవగానే వైరు బ్రష్షుతో పైపొర తీసేయాలి, అచ్చు తాకిన మొహమైతే జోరు నీటితో కంకర బయటపడేలా కడగాలి, పోసే వేళకు పాత మొహం లోపల తడిగా, పైన నీరు నిలవకుండా ఉండాలి అంటుంది. సైట్లలో మాత్రం బకెట్టు సిమెంటు పాలు గుమ్మరించి టీ తాగడానికి వెళ్లే అలవాటు పోలేదు. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఆ పాలు ఎండి పొర కడతాయి. అతికించాల్సిన పూతే రెండింటినీ విడదీసే పూత అవుతుంది.

అతుకులు బలహీనతకు మూలం కనుక వీలైతే తప్పించాలి, తప్పకపోతే తగ్గించాలి అని కూడా ఆ ప్రమాణమే అంటుంది. ఆ వెంటనే ఉన్న మరో మాటను మన సైట్లలో చదివినవాళ్లు తక్కువ. అతుకు ఎక్కడ, ఎలా ఉండాలో చెప్పాల్సింది డిజైన్ చేసిన ఇంజనీరు. కాంట్రాక్టరు కాదు, మేస్త్రీ కాదు, పొద్దువాలిన ఆకాశమూ కాదు. పెద్ద అపార్టుమెంట్ల పనుల్లో ఈ గీతలు ఇప్పుడు బొమ్మల మీద కనిపిస్తున్నాయి. సొంత ఇళ్ల బొమ్మల్లో ఇంకా అరుదు. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు శ్లాబు రోజుకు వారం ముందే ఇంజనీరు దగ్గరికి వెళ్లి, వానొచ్చినా మిక్సరు ఆగిపోయినా ఎక్కడ ఆపాలో బొమ్మ మీద ఎర్రగీత గీయించుకోండి. గంట్లు కొట్టిన అడ్డపలక, రెండు వైరు బ్రష్షులు ఆ రోజు పొద్దునకే సెంట్రింగు మీద సిద్ధంగా ఉన్నాయో లేదో మీ కళ్లతో చూసుకోండి.